రెల్లుపొదయు చెఱకుతోటయు

ప్రతి సహకార సంఘమునకును నిల్వధన మొకటి యుండును. సంవత్సరాంతమున లాభము తేలినప్పుడు సభ్యులు దాని నంతయు పంచుకొనుటకు వీలులేదు. అందు కొంతభాగమును విడదీసి నిల్వధనముక్రింద జమకట్టవలెనని చట్టము విధించినది. పంటలు బాగుగ పండిన యేడు ఈ కట్టడ కొందఱికి కష్టముగ తోచును. "మన సొమ్ము మనకు పంచక పెట్టెలో నుంచు టెందుకు?" అని మహాసభలో అడుగువారును కలరు. కాని వానలు తప్పి బాకీలు వసూలుగాని యేడు సంఘమును నిలువబెట్టునది ఆ ధనమే.

వ్యవసాయమునకును ప్రకృతియం దిట్టి నిల్వధన మొకటి కలదు. అది యే ఖాతాలోను వ్రాయబడియుండలేదు. గోదావరి యొడ్డున పెరుగు రెల్లు, చెఱువు అంచున మొలచు నివ్వరి, చేనిగట్టు మీది చెట్టు, ఇంటి ముసలమ్మ కుండలో దాచిన పాతజొన్నగింజలు, పంటను తిను పురుగులను తిని బ్రతుకు చిన్నపురుగులు, ఇవన్నియు ఆ నిల్వధనములోనివే. ఈ సముదాయమునే నేటి శాస్త్రజ్ఞులు జీవవైవిధ్యమని పిలుచుచున్నారు. ఈ మాట క్రొత్తదైనను విషయము మన పొలములలోనిదే. కావున దీనిని మన జిల్లా యుదాహరణములతోనే సభ్యులకు వివరింప దలచితిమి.

బోధను చెఱకునకు రెల్లు ఇచ్చిన బలము

నిజామాబాదు జిల్లాలో చెఱకు విరివిగ పండుటకు మూలము మంజీరానదిపై గల నిజాంసాగరము. ఆ కట్టడము 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. దాని కాలువలక్రింద నీటి వసతి యేర్పడగా 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఈ సంగతి మన పెద్దలందఱు ఎఱిగినదే. కాని నీరును యంత్రమును ఉన్నంతమాత్రమున చక్కెర రాదు; తగిన గడ కావలెను. ఆ గడకు బలమెక్కడినుండి వచ్చినదో తెలిసినవారు తక్కువ.

లావుగను, మెత్తగను, రసము నిండియుండు పెద్దజాతి చెఱకునకు పుట్టినిల్లు న్యూగినీ ద్వీపము. అది తీపియందు మేటియే గాని ఓర్పు లేనిది. నీరు నిలిచినను, నీరు తక్కువైనను, తెగులు తగిలినను తాళలేదు. జావా ద్వీపమున 1880 ప్రాంతమున 'సెరే' అను తెగులు పుట్టి తోటలను పాడుచేసెను. మనదేశమున ఎఱ్ఱకుళ్ళు తెగులు రైతులను బాధించుచుండెను. ఉత్తరదేశమున సాగగుచుండిన సన్నగడల దేశవాళి చెఱకు మొండిదేగాని దాని దిగుబడి స్వల్పము. అందువలన ఇంత పెద్ద వ్యవసాయదేశమై యుండియు ఆ కాలమున మనము జావానుండి చక్కెర దిగుమతి చేసికొనవలసివచ్చెను.

ఈ కొఱత తీర్చుటకై 1912లో కోయంబత్తూరునందు చెఱకు వంగడముల కేంద్రము నెలకొల్పబడెను. బార్బరు దొరయు, ఆయనకు సహాయుడుగ చేరి పిమ్మట ఆ కేంద్రమునకు అధ్యక్షుడైన టి. ఎస్. వెంకటరామన్ గారును అచ్చట పాటుపడిరి. వారు చేసిన పని వినుటకు వింతగ నుండును. పెద్దజాతి చెఱకుపూవులకు రెల్లుగడ్డి పుప్పొడిని అంటించిరి. రెల్లు మన మందఱము ఎఱిగినదే. శరత్కాలమున వాగులవెంట తెల్లని పూవులతో ఊగుచుండును. చేనిలో చేరెనా, కలుపని త్రవ్వి పాఱవేయుదుము. అందు చెప్పుకొనదగిన తీపి లేదు. అయినను అది చెఱకునకు దాయాది. వరదలో మునిగినను చావదు. వేసవిలో ఎండినను తొలకరికి మఱల చిగిర్చును. అనేకములైన తెగుళ్ళను తట్టుకొనును. ఆ కలయికవలన పుట్టిన మొక్కలలో ఏరి తీసిన 'కో 205' అను రకము 1918లో రైతుల చేతికి వచ్చెను.

జావా శాస్త్రజ్ఞులును ఇదే మార్గమున నడచి, రెల్లు వంశము కలసిన 'పి. ఓ. జె. 2878' అను రకమును 1921లో సాధించిరి. దానికిని కోయంబత్తూరు రకమగు 'కో 290'కిని పుట్టిన సంతానమే 'కో 419'. ఇది దక్కను నేలలలో చాలకాలము మేటి చెఱకుగ పేరొందెను. నేడు ప్రపంచమున మిల్లులకు పోవు చెఱకులలో దాదాపు అన్నిటియందును రెల్లు అంశము కలదు. వాని వంశద్రవ్యములో నూటికి 10 మొదలు 20 వంతులు దానినుండి వచ్చినవే.

సభ్యులు ఇచ్చట ఒక నిమిషము ఆగి యోచింపవలెను. 1912కు పూర్వము ఎవరైన "ఈ గడ్డి పనికిమాలినది" అని రెల్లును దేశమునుండి నిర్మూలించి యుండినచో ఏమగును? ఆనాడు దాని విలువ ఎవరికిని తెలియదు. తెలియకపోయినను అది నదుల యొడ్డున బ్రతికియుండెను గనుక అక్కఱ వచ్చినప్పుడు దొరకెను. ఏ జాతి యే కాలమున అక్కఱకు వచ్చునో ముందుగ చెప్పుట ఎవరి తరమును కాదు. కావున ఉన్నదానిని పోగొట్టుకొనకుండుటయే వివేకము. మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

నివ్వరి చేసిన మేలు

2015 డిసెంబరులో బోధను కర్మాగారము మూతబడెను. చెఱకు నాటిన పొలములు పెక్కు వరికి మాఱినవి. వరి విషయమునను ఇదే న్యాయము కనబడుచున్నది.

చెఱువులలోను బురదగుంటలలోను తనంతట మొలచు అడవివరిని మనవారు నివ్వరి యందురు. సంస్కృతమున దీనికి నీవారమని పేరు. శాస్త్రజ్ఞులు ఈ జాతికి పెట్టిన పేరులో కూడ ఆ నీవార శబ్దమునే నిలిపిరి. దాని గింజ పండగనే రాలిపోవును; కోయుటకు అందదు. వరిపైరులో మొలచినచో రైతు దానిని పీకివేయును.

1970 ప్రాంతమున ఫిలిప్పీను దీవులు, ఇండోనీషియా మున్నగు దేశములలో దోమకాటువలన వ్యాపించు ఒక తెగులు వరిని పట్టుకొనెను. పైరు గడ్డివలె పొట్టిగ గుబురుకట్టి, వెన్ను తీయక నిలిచిపోవుచుండెను. ఫిలిప్పీనులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు తమకడనున్న ఆఱువేలకు మించిన వరి నమూనాలను పరీక్షించిరి. వానిలో గట్టి నిరోధశక్తి కనబడినది ఒక్క నమూనాయందే. అది మన ఉత్తరప్రదేశమునుండి సేకరించిన నివ్వరి. దాని గుణమును సాగువరిలోనికి తెచ్చి, 1976లో విడుదలైన 'ఐ. ఆర్. 36' వంటి రకములను సిద్ధపఱచిరి. కోట్ల యెకరముల వరి ఆ గుప్పెడు గింజలవలన రక్షింపబడెను. ఆ గుంటను పూడ్చి యెవరైన ఇల్లు కట్టుకొనియుండినచో ఆ గుణ మెచ్చట వెదకినను దొరకియుండెడిది కాదేమో!

అందఱును ఒకే విత్తు విత్తుటవలని యపాయము

మన ప్రాంతమున మక్కలు వేయువారు పెక్కురు గలరు. వారు 1970లో అమెరికాలో జరిగిన సంగతి వినదగును. అచ్చటి మక్క సంకరవిత్తనములు సంచిమీది పేర్లలో వేఱైనను, వానిలో అధికభాగము ఒకే తల్లివంశమునుండి తయారైనవి. విత్తనము చేయుటకు ఆ వంశము సులువుగ నుండెను గనుక కంపెనీలన్నియు దానినే వాడుకొనిరి. ఆ యేడు ఆకుమాడు తెగులులో ఒక క్రొత్తరూపము బయలుదేఱి సరిగా ఆ వంశమునకే తగిలెను. ఒక్క పంటకాలములో దేశపు మక్కపంటయందు నూటికి 15 వంతులు నష్టమయ్యెను. పేర్లు వేఱైనంత మాత్రమున విత్తనములు వేఱు కావని దీనివలన తేలుచున్నది.

పూర్వము మన చెలకలలో జొన్న, కంది, పెసర, అనుములు, నువ్వులు కలిపి విత్తెడివారు. ఒకటి పోయిన యేడు వేఱొకటి యిల్లు గడపెడిది. అది బీదల యెత్తుగడయే గాని తెలివితక్కువ కాదు. అప్పులిచ్చునప్పుడు సంఘము తన ధనమునంతయు ఒక్క సభ్యునికే యిచ్చునా? విత్తనమునందును ఆ జాగ్రత్తయే కావలెను.

పసుపున కున్న ప్రత్యేకచిక్కు

ముప్కాల్, బాల్కొండ, ఆర్మూరు ప్రాంతములకు పసుపు ప్రాణమువంటిది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగ ప్రారంభింపబడుటయు ఈ కారణముననే. కాని పసుపునందు ఒక చిక్కు కలదు. దానిని ప్రతి రైతును తెలిసికొనవలెను.

జొన్నయు వరియు గింజవలన పుట్టును. గింజలో తల్లిగుణమును తండ్రిగుణమును కలియును గనుక అప్పుడప్పుడు క్రొత్తగుణములు తలయెత్తుచుండును. పసుపు అట్లు కాదు. పూచునే గాని గింజ కట్టుట మిక్కిలి అరుదు. సాధారణముగ మొక్కల వంశసూత్రములు జంటలుగ నుండును. మన పసుపునందు మూడేసిగ నున్నవి. అవి సమముగ విడిపోలేవు గనుక విత్తనము సరిగా నేర్పడదు. మనము ఏటేట దుంపనే విత్తనముగ పెట్టుచున్నాము. అనగా ఊరంతయు ఒకే రకము పెట్టినచో ఊరంతయు ఒకే మొక్క ముక్కలై పఱచుకొన్నట్లే. దుంపకుళ్ళుగాని ఆకుమచ్చగాని దాని నొకచోట గెలిచినచో అంతటను గెలువగలదు.

ఇక రెండవ కష్టము. జొన్నగింజలను ఎండబెట్టి చల్లనిగదిలో ఏండ్లకొలది దాచవచ్చును. పసుపుదుంప నట్లు దాచుటకు వీలులేదు. ఏటేట నాటి, ఏటేట త్రవ్వి, ఏటేట విత్తనదుంపను కాపాడినగాని ఆ రకము బ్రతుకదు. ఒక్క యేడు ఎవ్వరును నాటకపోయినచో ఆ రకము శాశ్వతముగ పోయినట్లే. క్రొత్తరకములను మేము నిందించుటలేదు. కేరళలోని సుగంధద్రవ్య పరిశోధన సంస్థవారి 'ప్రగతి' వంటిది 180 దినములలో పంటకు వచ్చును. నీరు తక్కువైన రైతునకు అది మేలు. కాని అట్టి మంచిరకముకూడ అనేక పాతరకములను ప్రక్కప్రక్కన పెంచి యేరి తీసినదే. పాతవి పోయినచో రేపు ఏరుటకు ఏమి మిగులును?

జీతము లేని పాలేర్లు

2002లో మహారాష్ట్ర, కర్ణాటక దేశముల చెఱకుతోటలపై ఒక తెల్లని పేనుబంక విరుచుకొనిపడెను. ఆకుల అడుగున దూదిపఱచినట్లు కనబడుచుండెను. రైతులు భయపడి మందులు చల్లిరి. నిలువెత్తు చెఱకులో మందు అడుగువఱకు చేరదు. పేనుబంక మఱల వచ్చెను. అంతలో తోటలలోనే రెండు చిన్నజీవులు దానిని తినుచున్నట్లు శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. ఒకటి దీఫా అను చిఱుచిమ్మట గొంగళిపురుగు. రెండవది మైక్రోమస్ అను సన్ననిరెక్కల పురుగు. వీనిని పెంచి తోటలలో విడిచి, మందు చల్లుట మానుడని రైతులకు బోధించిరి. క్రమముగ పేనుబంక అదుపులోనికి వచ్చెను.

ఈ పురుగులను ఎవరును విదేశమునుండి తేలేదు. అవి మన గడ్డిలోను గట్టులమీదను ఉండినవే. ఊరికే మందుకొట్టి గట్టులన్నియు కాల్చినచో కూలి అడుగని ఈ పాలేర్లనే మనము చంపుకొనుచున్నాము.

మన్ను, నీరు, మఱల రెల్లు

శ్రీరామసాగర జలాశయము మనకు కూతవేటు దూరమున నున్నది. 1963లో పునాదిరాయి వేసిన ఆ జలాశయము ఆదిలో 112 టి. ఎం. సి.ల నీరు పట్టునట్లు లెక్కింపబడెను. ఇటీవలి కొలతలలో అది దాదాపు 80 టి. ఎం. సి.లకు దిగినది. తక్కిన చోటును ఆక్రమించినది పూడిక. ఆ పూడిక యెక్కడిది? ఎగువ పొలముల పైమన్ను. గడ్డియు చెట్టును లేని వాలునేలలనుండి వాన దానిని కడిగి తెచ్చెను. పైరునకు బలమిచ్చు మన్నే జలాశయమున నీటికి అడ్డమైనది. ఒక్క నష్టమే రెండుచోట్ల లెక్కకు వచ్చినది.

వాగుల యొడ్డుల మన్నును పట్టియుంచునది మఱల ఆ రెల్లే. దాని వేళ్ళు లోతుగ దిగి, అడ్డముగ ప్రాకి ఇసుకను సైతము బంధించును. చెఱకునకు బలమిచ్చిన గడ్డియే గట్టునకును కావలి కాయుచున్నది.

నీరు దిగువకు పోయినచో దానిని వెనుకకు ఎక్కించుటకై వరదకాలువపై రాంపూరు, రాజేశ్వరరావుపేట, ముప్కాల్ గ్రామములకడ పంపుశాలలు కట్టబడినవి. కోట్లు వ్యయపఱచినచో నీటిని వెనుకకు తేవచ్చును. నశించిన జాతిని వెనుకకు తెచ్చు పంపు ఏ దేశమునను లేదు.

సభ్యుల సందేహములు

"ప్రభుత్వమువారు విత్తనములు దాచుచునే యున్నారు గదా, మనకేల?" అని కొందఱు అడుగవచ్చును. నిజమే. పటాన్‌చెరువు కడ 1972లో స్థాపింపబడిన ఇక్రిశాటు సంస్థ జొన్న, కంది మున్నగు పంటల విత్తనములను వేలకొలది దాచినది. కేరళలోని కన్ననూరున ప్రపంచములోని చెఱకుజాతుల సేకరణ మొకటి తోటలో పెరుగుచున్నది. ఇవి గొప్ప పనులు. కాని చల్లనిగదిలోని విత్తనము నిద్రించుచుండును. అది మాఱుచున్న వానలను, క్రొత్త తెగుళ్ళను ఎఱుగదు. చేనిలోని విత్తనము ఏటేట వానిని ఎదుర్కొని నేర్చుకొనును. గదియును కావలెను, చేనును కావలెను.

"దిగుబడి లేని పాతరకము వేసి మేము నష్టపడవలెనా?" అనునది రెండవ ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్న. అప్పు తీర్చవలసిన రైతును ఎకరములకొలది పాతపంట వేయుమనుట ధర్మము కాదు. మేము కోరునది రెండు మూడు గుంటలు మాత్రమే. జహీరాబాదు ప్రాంతమున దక్కను అభివృద్ధి సంఘముతో చేరిన గ్రామస్త్రీలు ఇట్లే చిన్నకమతములలో పాతపంటల విత్తనములను నిలిపి, ఒకరికొకరు బదులిచ్చుకొనుచు, ఏటేట ఎడ్లబండ్లపై ఊరూర ఊరేగించుచు వచ్చిరి. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమానము లభించెను. ఆ స్త్రీలలో పెక్కురు బీదకుటుంబములవారే. వారికి సాధ్యమైనది మన అక్కచెల్లెండ్రకు సాధ్యము కాకపోదు.

చట్టమును మనకు తోడుగనే యున్నది. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనవచ్చును, విత్తుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. రక్షిత రకమును వ్యాపారపు ముద్రతో మాత్రము అమ్మరాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి గ్రామపంచాయతిలోను ఒక కమిటీ యేర్పడి, ఊరిలోని మొక్కలు, పశువులు, విత్తనములు, వానిని గూర్చి పెద్దలకు తెలిసిన సంగతులు ఒక పట్టికలో వ్రాయవలెను. ఈ వ్రాత వట్టి కాగితము కాదు. 1995లో పసుపు పుండును మాన్పునను సంగతికి అమెరికాలో పేటెంటు ఇచ్చిరి. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలివారు ఆ సంగతి పూర్వమే వ్రాయబడియున్నదని పాతగ్రంథములను చూపగా 1997లో అది రద్దయ్యెను. వ్రాసియుండుటవలననే గెలిచితిమి.

చేయదగిన పనులు

మొదటిది: ప్రతి సభ్యుడును తన యింట మిగిలిన పాతవిత్తనమును ఒక గుప్పెడు సంఘ కార్యాలయమునకు తెచ్చి, దాని పేరు, అది వచ్చిన చోటు, దాని గుణము చెప్పి వ్రాయింపవలెను. ఇంటి ముసలమ్మలను అడిగినగాని ఈ సంగతులు తెలియవు.

రెండవది: పసుపు త్రవ్వునప్పుడు ఊరిలోని ప్రతి రకమునుండియు కొన్ని మంచిదుంపలను వేఱుగ తీసి, మఱునాటు వఱకు నీడలో కాపాడవలెను. సందేహము గల రకమును కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రమువారికి చూపవలెను. చెఱకు రకములకు రుద్రూరు పరిశోధన కేంద్రమువారి సలహా పొందవచ్చును.

మూడవది: చేనిలోని కలుపును తీయుడు, గట్టును వాగుయొడ్డును మాత్రము కాల్చకుడు, మందు చల్లకుడు. రెల్లు తన చోట తా నుండుట మనకు మేలు.

నాల్గవది: పంచాయతి పట్టిక ఉన్నదా యని అడుగుడు. లేకున్న వ్రాయింపుడు, ఉన్నచో అందు మన విత్తనముల పేర్లు చేరినవో లేవో చూడుడు.

సంఘపు నిల్వధనమునకు లెక్క వ్రాయుటకు గుమాస్తా యున్నాడు; తనిఖీదారు వచ్చి చూచును. ప్రకృతియొక్క నిల్వధనమునకు గుమాస్తాయు తనిఖీదారును రైతే. అందులోనుండి ఒకటి తీసివేసినచో మఱల జమకట్టుట మన చేతిలో లేదు. కావున వచ్చు నెల సర్వసభ్య సమావేశమునకు వచ్చునప్పుడు సభ్యులు చేసంచిలో ఒక గుప్పెడు పాతగింజలు వేసికొని రావలెనని కోరుచున్నాము.